కాటా చీటీ లేని టిక్కీ

(విజయవాడలో ఒక ఆదివారం ఉదయం వెబ్ డెవలపర్లు, ఇంజనీరింగ్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగం. చదవడానికి వీలుగా అక్కడక్కడా సర్దాం.)

అందరికీ నమస్కారం. గుంటూరులో ఏడింటికే బయల్దేరాను. మంగళగిరి దాటేదాకా హాయిగా వచ్చాను. తీరా వారధి ఎక్కాక అరగంట కదల్లేదు. ఆలస్యానికి క్షమించండి.

నేను పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు కావస్తోంది. మధ్యలో కొంతకాలం పైథాన్, ఇప్పుడు ఎక్కువగా టైప్‌స్క్రిప్ట్. ఇవాళ నాకు ఇచ్చిన అంశంలో రెండు ముక్కలున్నాయి. బయటి నుంచి వచ్చే నమ్మకం లేని డేటా ఒకటి, మనం సొంతంగా తయారుచేసుకునే టైపులు, అంటే ఇది బరువు, ఇది ధర అని విలువల్ని వేరుచేసే రకాలు, రెండోది. కాలేజీలో వీటిని వేరువేరు సబ్జెక్టుల్లో చెప్తారు. మొదటిది సెక్యూరిటీ క్లాసులో, రెండోది ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ క్లాసులో. నాకు మాత్రం రెండూ ఒకటేనని ఒక మిర్చి కొట్టులో తెలిసింది. అదీ చేతి డబ్బు పోగొట్టుకున్నాక.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాశాను. యార్డు ఎప్పుడూ చూడనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. రైతు మిరపకాయల్ని గోతాల్లో తొక్కి తెస్తాడు. ఆ గోతాన్ని అక్కడ టిక్కీ అంటారు. కొట్టు ముందు దించాక కొనేవాళ్లు వచ్చి మచ్చు తీసి చూస్తారు. పైన ఎర్రగా నిగనిగలాడుతూ అడుగున తాలు కాయ ఉండొచ్చు కాబట్టి లోపల చెయ్యి పెట్టి తీస్తారు. తర్వాత ధర కుదురుతుంది, కాటా వేస్తారు, చీటీ రాస్తారు. ధర చెప్పేది క్వింటాల్‌కు. కాటా చూపించేది కిలోల్లో. ఈ రెండు మాటలూ గుర్తు పెట్టుకోండి.

నా ప్రోగ్రాములో బిల్లు లెక్కకట్టే ఫంక్షన్ ఒకటి ఉండేది. దానికి రెండు నంబర్లు ఇవ్వాలి, బరువూ ధరా. పాత స్క్రీను కిలోల్ని వందతో భాగించి క్వింటాళ్లు చేసి పంపేది. సీజన్లో తొందరగా కావాలంటే ఒక రాత్రి కూర్చుని కొత్త స్క్రీను రాశాను. అందులో భాగించడం మర్చిపోయాను. మర్నాడు ఒక రైతు సరుకు 1,840 కిలోలు తూగింది, ధర 15,000. రావాల్సిన బిల్లు 2,76,000 రూపాయలు. ప్రింటర్లోంచి వచ్చింది 2,76,00,000. గుమస్తా దాన్ని చేత్తో పట్టుకుని, "ఏంది సార్ ఇది, ఈ రైతు సాయంత్రానికి మన కొట్టే కొనుక్కుపోయేట్టున్నాడు" అన్నాడు. (నవ్వులు)

మేమూ అలాగే నవ్వాం. ఆ తప్పు పెద్దది కాబట్టి అక్కడికక్కడే దొరికింది. దొరకనిది ఇంకోటి ఉంది. రైతుకు ముందుగా ఇచ్చిన అడ్వాన్సు బిల్లులో కొట్టేయాలి కదా. గుమస్తా ఆ పెట్టెలో ఇరవై వేలను మనమందరం రాసినట్టే రాశాడు, 20,000 అని, మధ్యలో కామాతో. నేను దాన్ని ఇంట్ అని క్యాస్ట్ చేశాను, అంటే ఆ రాతను పూర్ణాంకంగా మార్చమన్నాను. పీహెచ్‌పీ ఏం చేస్తుందంటే, మొదట కనిపించిన అంకెలు తీసుకుంటుంది, కామా దగ్గర ఆగిపోతుంది, మిగిలింది పారేస్తుంది, పల్లెత్తు మాట అనదు. ఇరవై వేలు కాస్తా ఇరవై రూపాయలయింది. బిల్లు 2,75,980 అని వచ్చింది. చూడటానికి ఎంత పద్ధతిగా ఉందో చూడండి! మూడు వారాలు ఎవరూ పట్టుకోలేదు. పట్టుకున్నాక యజమాని ఒక్క మాట అనలేదు. నా ఫీజులో కోసుకున్నాడు, అంతే.

జావాస్క్రిప్ట్ వాళ్లు నవ్వకండి. మీ పార్స్ఇంట్ కూడా కామా దగ్గరే ఆగుతుంది. నంబర్ అనే ఫంక్షన్ వాడితే కామా ఉన్నదాన్ని నంబర్ కాదు పొమ్మంటుంది, ఆ మేరకు నయం. కానీ అదే ఫంక్షన్‌కు ఖాళీ పెట్టె ఇస్తే సున్నా అంటుంది. ఖాళీగా వదిలేసిన ధరకూ సున్నా ధరకూ తేడా లేదని దాని ఉద్దేశం.

మొదటి తప్పు టైపుల తప్పు, రెండోది బయటి డేటా తప్పు అని మీరంటారు. నేను రెండింట్లో ఒకటే చూస్తున్నాను. ప్రోగ్రాము చేతిలో ఒక విలువ ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని ఎవరైనా చూశారో లేదో, చూస్తే దేనికోసం చూశారో ఆ విలువలో ఎక్కడా లేదు. యార్డులో కాటా వేసిన టిక్కీకి చీటీ ఉంటుంది. చీటీ లేని టిక్కీని ముఠా కూలీలు లారీ ఎక్కించరు. మన ప్రోగ్రాముల్లో అన్నీ చీటీ లేని టిక్కీలే. "నేను పైన చెక్ చేశానండీ" అంటాడు రాసినవాడు. చేసే ఉంటాడు. ఆ సంగతి నూట యాభై లైన్ల కింద ఉన్న ఫంక్షన్‌కు ఎలా తెలుస్తుంది?

ఈ ఆలోచన కొత్తదేం కాదు. తొంభైల్లో వెబ్ అంటే చాలావరకు పెర్ల్. అందులో టెయింట్ మోడ్ అని ఒకటి ఉండేది, ఇప్పటికీ ఉంది. స్క్రిప్టును టీ అనే స్విచ్చితో నడిపితే బయటి నుంచి వచ్చిన ప్రతి స్ట్రింగ్‌కూ, అంటే అక్షరాల వరసకూ, భాష తనంతట తానే మైల అంటిస్తుంది. మైల ఉన్న స్ట్రింగ్‌ను మరో స్ట్రింగ్‌తో కలిపితే అదీ మైలే. దాన్ని తీసుకెళ్లి సిస్టమ్ కమాండ్‌కు ఇస్తే ప్రోగ్రాము అక్కడే ఆగిపోతుంది. మైల పోవాలంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, అంటే అక్షరాలు ఎలా ఉండాలో చెప్పే నమూనాతో పోల్చి, అందులో కుదిరిన ముక్కను మాత్రం బయటికి తీసి వాడాలి. మా ఇంట్లో మడి గురించి మా నాయనమ్మ పెట్టిన రూల్స్ కూడా ఇలాగే ఉండేవి. అంటుకుంటే అంటుకున్నట్టే. రూబీ కూడా ఈ పద్ధతి తీసుకుంది గానీ పెద్దగా ఎవరూ వాడలేదు. 2019లో వచ్చిన 2.7లో వద్దన్నారు, 2022లో వచ్చిన 3.2లో పూర్తిగా తీసేశారు.

ఎందుకు నిలవలేదంటారా? మైల, శుభ్రం అని రెండే చెప్తే సరిపోదు. శుభ్రం దేనికి? ఫైలు పేరుగా వాడటానికి శుభ్రమైన స్ట్రింగ్ హెచ్‌టీఎంఎల్‌లో పెట్టడానికి శుభ్రం అవ్వాలని ఏముంది? పైగా పెర్ల్‌లో 'ఏదైనా సరే' అనే ప్యాటర్న్‌తో పోల్చినా మైల పోతుంది. అందరూ అదే చేసేవాళ్లు.

పీహెచ్‌పీ ఇంకో దారి పట్టింది. ఆ దారిలో నేనూ నడిచాను కాబట్టి కాస్త కోపంగానే చెప్తాను. మొదట్లో రిజిస్టర్ గ్లోబల్స్ అని ఉండేది. ఫారమ్‌లో ఏ పేరుతో ఏది వస్తే అది నేరుగా మీ ప్రోగ్రాములో వేరియబుల్ అయిపోయేది. అడ్రస్ బార్‌లో అడ్మిన్ ఈక్వల్స్ 1 అని కలిపితే, మీరు అడ్మిన్ అనే వేరియబుల్‌కు ముందుగా విలువ ఇవ్వడం మర్చిపోయి ఉంటే, అలా కలిపినాయనే అడ్మిన్. 2002లో 4.2తో దాన్ని డిఫాల్ట్‌గా ఆపేశారు. 2012లో 5.4తో మొత్తానికే తీసేశారు.

రెండోది మ్యాజిక్ కోట్స్. బయటి నుంచి వచ్చే ప్రతి కొటేషన్ ముందూ ఒక బ్యాక్‌స్లాష్ పెట్టేది. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్, అంటే ఫారమ్‌లో రాసిన మాట డేటాబేస్‌కు ఆజ్ఞగా మారడం, రాకుండా గేటు దగ్గరే అందరికీ ఒకటే మందు. జ్వరం ఉన్నవాడికీ అదే, కాలు విరిగినవాడికీ అదే. నా దగ్గర ఒక కస్టమర్ అడ్రసు డాక్టర్స్ కాలనీ. ఇంగ్లిష్‌లో రాస్తే ఎస్ ముందు ఒక అపాస్ట్రఫీ వస్తుంది కదా. మ్యాజిక్ కోట్స్ దాని ముందు ఒక స్లాష్ పెట్టింది. అది ఉందని తెలియక నేను నా వంతుగా మళ్లీ పెట్టాను. ఎవరైనా ఆ రికార్డు తెరిచి సేవ్ కొట్టిన ప్రతిసారీ స్లాష్‌లు పెరిగేవి. సంవత్సరం తిరిగేసరికి ఆ అడ్రసు కాలనీలా లేదు, కంచె వేసిన పొలంలా ఉంది. దీన్నీ 5.4లోనే తీసేశారు, పోయింది.

ఇక్కడ నేర్చుకున్నది నోట్ చేసుకోండి. లోపలికి వచ్చేటప్పుడు చూడాల్సింది అర్థం. ఇది బరువేనా? తేదీయేనా? ఎంతలోపు ఉండాలి? బయటికి పోయేటప్పుడు చూడాల్సింది ఎటు పోతోంది అన్నది. డేటాబేస్‌కైతే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్. అక్కడ క్వెరీ ఒక దారిన, విలువలు ఇంకో దారిన వెళ్తాయి కాబట్టి అపాస్ట్రఫీ గొడవే లేదు. పీహెచ్‌పీలో దీనికి వీలిచ్చే పీడీఓ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఇంకా స్ట్రింగులు అతికించి క్వెరీ రాసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. పేజీలోకైతే హెచ్‌టీఎంఎల్ ఎస్కేప్, అంటే బ్రౌజర్ కోడ్‌గా చదివే గుర్తుల్ని ఉత్త అక్షరాలుగా మార్చడం. ఇందులో ఒక చిన్న గుంట ఉంది. హెచ్‌టీఎంఎల్ స్పెషల్ చార్స్ ఫంక్షన్ పీహెచ్‌పీ 8.1కి ముందు సింగిల్ కోట్‌ను డిఫాల్ట్‌గా ముట్టుకునేది కాదు. పాత సర్వర్ మీద పాత కోడ్ ఉన్నవాళ్లు ఇంటికి వెళ్లి చూసుకోండి. ఎక్సెల్‌కు పంపే ఫైలైతే ఈక్వల్స్‌తో మొదలయ్యే గడి ఫార్ములా అయి కూర్చుంటుంది. దానికి దాని జాగ్రత్త వేరే.

ఎస్కేప్ చేయకపోతే ఏమవుతుందో 2005 అక్టోబరులో మైస్పేస్ వాళ్లకు తెలిసింది. ఒక కుర్రాడు తన ప్రొఫైల్‌లో స్క్రిప్టు దాచాడు. చూసినవాళ్ల ప్రొఫైల్‌లోకి అది తనను తాను కాపీ చేసుకుంది. ఒక్క రోజు కూడా తిరగకుండా పది లక్షల ప్రొఫైళ్లు దాటింది. వాళ్లు ఫిల్టర్ పెట్టలేదనుకోకండి. పెట్టారు. గేటు దగ్గర పెట్టారు.

సరే, చీటీ సంగతికి వద్దాం. ఇప్పుడు అదే బిల్లింగ్ రాయాల్సివస్తే ఎలా రాస్తాను? కిలో అని ఒక క్లాస్, అంటే సొంత టైపుకు అచ్చు. క్వింటాల్ ధర అని ఇంకో క్లాస్. రూపాయలు అని మరోటి. కిలో క్లాసులో ఆబ్జెక్ట్ తయారుచేసే కన్‌స్ట్రక్టర్ ప్రైవేట్. అంటే ఎవడు పడితే వాడు కిలో తయారుచేయలేడు. లోపలికి ఒకటే తలుపు, 'ఫారమ్ నుంచి' అనే స్టాటిక్ ఫంక్షన్. అది స్ట్రింగ్ తీసుకుంటుంది. అటూ ఇటూ ఖాళీలు తీసేస్తుంది. అంకెలు, కామాలు, చివర దశాంశం తప్ప ఇంకేదైనా ఉంటే ఎర్రర్ విసిరేస్తుంది. సున్నా, మైనస్ ఒప్పుకోదు. ఒక లారీ మోయలేని బరువైతే అదీ ఒప్పుకోదు. అన్నీ దాటితే లోపల గ్రాముల్లో పూర్ణాంకంగా దాచుకుంటుంది. డబ్బు కూడా అంతే, పైసల్లో దాచండి. దశాంశాలతో డబ్బు లెక్క పెట్టిన ప్రోగ్రాములో 0.1కీ 0.2కీ కలిపితే సరిగ్గా 0.3 రాదని మీకు తెలిసే ఉంటుంది.

పీహెచ్‌పీ 8.1 నుంచి ప్రాపర్టీలకు రీడ్‌ఓన్లీ ఉంది, 8.2 నుంచి క్లాసుకే పెట్టొచ్చు. ఒకసారి తయారైన కిలోను తర్వాత ఎవరూ దిద్దలేరు. బిల్లు ఫంక్షన్ ఇప్పుడు కిలో, క్వింటాల్ ధర అనే రెండు ఆబ్జెక్టుల్నే తీసుకుంటుంది. ఆ రాత్రి రాసిన స్క్రీన్లో నేను ఉత్త నంబరు పంపి ఉంటే మొదటి బిల్లుకే టైప్ ఎర్రర్ వచ్చి ఆగేది. క్వింటాళ్లుగా మార్చేది ఒకే ఒక్క చోట, గుణించే దగ్గర. కిలో ఆబ్జెక్ట్ చేతిలో ఉందంటే అది ఆ తలుపులోంచే వచ్చింది. మళ్లీ చెక్ చేయక్కర్లేదు. ఆ ఆబ్జెక్టే కాటా చీటీ.

కామా ఉంటే తీసేసి చదవాలా, తప్పని చెప్పాలా అని మీరు అడగొచ్చు. ప్రోగ్రామర్ తేల్చే విషయం కాదది, కొట్టు యజమానిని అడగాలి. మా యజమాని కామా కావాలన్నాడు. లక్షల్లో రాసేటప్పుడు కామా లేకపోతే సున్నాలు లెక్కపెట్టలేమన్నాడు, నిజమే. కాకపోతే ఆ నిర్ణయం ఇప్పుడు ఒక చోటే ఉంది. అప్పట్లో పదిహేడు చోట్ల ఉండేది, పదిహేడు రకాలుగా.

టైప్‌స్క్రిప్ట్ వాళ్లకు ఇక్కడ ఒక హెచ్చరిక. 'టైప్ కిలో ఈక్వల్స్ నంబర్' అని రాస్తే కొత్త టైపు పుట్టదు. నంబర్‌కు ముద్దు పేరు పెట్టినట్టు, అంతే. కిలో ఇవ్వాల్సిన చోట క్వింటాల్ ఇచ్చినా ఊరుకుంటుంది, ఎందుకంటే దానికి పేరుతో పనిలేదు, ఆకారం కలిస్తే చాలు. బ్రాండింగ్ అని ఒక కిటుకు ఉంది, నంబర్‌కు ఒక ఉత్తుత్తి ముద్ర తగిలిస్తారు. అది వాడండి. అంతకన్నా పెద్ద సంగతి, 2012లో మైక్రోసాఫ్ట్ దీన్ని విడుదల చేసినప్పటి నుంచీ ఉన్నదే, ఈ టైపులన్నీ కంపైల్ అయ్యాక చెరిగిపోతాయి. సర్వర్ నుంచి జేసన్ రూపంలో, అంటే అక్షరాల్లో రాసిన డేటా వచ్చింది, మీరు 'యాజ్ రైతు' అని రాశారు. అది చెక్ కాదండీ. నోటి మాట. వచ్చిన దాంట్లో రైతు పేరు లేకపోయినా, బరువు బదులు ఒక పాట ఉన్నా, కంపైలర్ మీ మాట నమ్మి తలూపుతుంది. 2018లో 3.0తో అన్‌నోన్ అనే టైపు వచ్చింది. బయటి నుంచి వచ్చిన ప్రతిదాన్నీ మొదట అన్‌నోన్‌గా పట్టుకోండి. జాడ్ లాంటి లైబ్రరీతోనో, మీరే రాసుకున్న ఫంక్షన్‌తోనో నిజంగా లోపల చెయ్యి పెట్టి చూశాకే దానికి పేరు పెట్టండి. పైథాన్‌లో టైప్ హింట్స్ కథా ఇదే. నడిచేటప్పుడు వాటిని భాష పట్టించుకోదు. డేటా నిజంగా చూసేది పైడాంటిక్ లాంటివి.

ఈ ఆకారం సంగతిలోనే అసలు ప్రమాదం ఉంది, కాసేపు ఇక్కడ ఆగుతాను. మనం బయటి డేటా అంటే విలువ గురించే భయపడతాం. ఎదుటివాడు టైపు కూడా ఎంచుకోగలడని మర్చిపోతాం. పీహెచ్‌పీలో ఫారమ్ పేరు చివర చదరపు బ్రాకెట్లు పెడితే స్ట్రింగ్ రావాల్సిన చోట అర్రే, అంటే జాబితా వస్తుంది. 8కి ముందు, ఆ అర్రేను స్ట్రింగ్ పోల్చే ఫంక్షన్‌కు ఇస్తే ఒక వార్నింగ్ ఇచ్చి నల్, అంటే 'ఏమీ లేదు' అని తిప్పి పంపేది. నల్‌ను రెండు ఈక్వల్స్‌తో సున్నాతో పోలిస్తే సమానం. సున్నా అంటే రెండు స్ట్రింగులూ ఒకటేనని. పాస్‌వర్డ్ కుదిరిందని లోపలికి పంపేసేవాళ్లు! ఇప్పుడు అక్కడ టైప్ ఎర్రర్ వస్తుంది. నోడ్, మోంగోడీబీ వాడేవాళ్లకు ఇంకో రకం. పాస్‌వర్డ్ బదులు ఎదుటివాడు జేసన్‌లో ఒక షరతు పంపుతాడు, 'నల్‌కు సమానం కానిది' అని. మీరు దాన్ని ఉన్నదున్నట్టు క్వెరీలో పెడితే ఎవరి పాస్‌వర్డైనా నల్‌కు సమానం కాదు కదా. తలుపు తెరుచుకుంటుంది. ఇక్కడ ఎస్కేప్ చేయడానికి కొటేషనే లేదు. స్ట్రింగేనా అని ఒక్క మాట అడిగి ఉంటే చాలు.

రెండు ఈక్వల్స్ గురించి ఒక సరదా సంగతి చెప్పి ముందుకు పోతాను. 240610708 అనే స్ట్రింగ్‌కు ఎండీ5 హాష్, అంటే దాని నుంచి లెక్కకట్టిన గుర్తు, తీస్తే సున్నాతో మొదలై, తర్వాత ఈ అనే అక్షరం, ఆ తర్వాత అన్నీ అంకెలే వస్తాయి. పీహెచ్‌పీకి అది సున్నా ఇంటూ పది పవర్ ఏదో అని కనిపిస్తుంది, అంటే సున్నా. అలాంటి హాష్ ఉన్న ఇంకో స్ట్రింగ్‌తో రెండు ఈక్వల్స్‌తో పోలిస్తే రెండూ సమానం అంటుంది. 8లో పోలికలు చాలా బాగుచేశారు గానీ ఇది మాత్రం ఇప్పటికీ అంతే. మూడు ఈక్వల్స్ వాడండి. హాష్‌లైతే హాష్ ఈక్వల్స్ అనే ఫంక్షన్ వాడండి.

ఇప్పుడు మన భాష సంగతి. దీని మీద ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతాను. పేరు అనే టైపు తయారుచేయాలి. పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలి అని రూల్ పెడతారు. ఏ టు జెడ్ అని రాసేవాళ్లను వదిలేయండి, వాళ్ల ఫారమ్‌లో తెలుగు పేరే పట్టదు. కొంచెం తెలిసినవాళ్లు అన్ని భాషల అక్షరాల పట్టిక అయిన యూనికోడ్‌లో లెటర్ అనే గుంపు వాడతారు. అప్పుడు కూడా 'విజయవాడ' పాస్ కాదు! ఎందుకంటే యూనికోడ్ లెక్కలో గుడి, దీర్ఘం అక్షరాలు కావు, మార్కులు. 'వ' లెటర్, దాని మీద గుడి మార్క్. సున్నా మార్కే, పొల్లూ మార్కే. లెటర్‌తో పాటు మార్క్ గుంపును కూడా ఒప్పుకోవాలి. అయినా ఒకటి మిగులుతుంది. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట కింద వ ఒత్తుగా పడకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెడతాం, జీరో విడ్త్ నాన్ జాయినర్. కనిపించనివన్నీ అనుమానాస్పదం అని ఫిల్టర్లు దాన్ని ఊడ్చేస్తాయి. పేరు రాసుకున్నాయన తన పేరు తానే గుర్తుపట్టలేకుండా పోతాడు.

పొడవు చూడండి. 'గుంటూరు' అనే మాటకు పీహెచ్‌పీలో స్ట్ర్‌లెన్ తీస్తే 21 వస్తుంది, బైట్లు లెక్కపెడుతుంది కాబట్టి. ఎంబీ స్ట్ర్‌లెన్ అయితే 7, కోడ్ పాయింట్లు, అంటే గుణింతం గుర్తులు కూడా విడివిడిగా లెక్క. గ్రాఫీమ్ స్ట్ర్‌లెన్ అయితే 3. గుం, టూ, రు. మన అమ్మమ్మ లెక్క కూడా అదే. 'విజయవాడ'కు 21, 7, 5. బైట్ల లెక్కలో రెండు ఊళ్లూ సమానమే, రాజధాని గొడవ పెట్టుకోకండి. (నవ్వులు) పేరు ఇరవై అక్షరాలు దాటకూడదని స్ట్ర్‌లెన్‌తో రూల్ పెడితే గుంటూరు అనే మాట కూడా పట్టదు.

అంకెలూ అంతే. పైథాన్‌లో తెలుగు అంకెలతో ౧౨ అని స్ట్రింగ్ ఇచ్చి ఇంట్ అంటే చక్కగా పన్నెండు అంటుంది. జావాస్క్రిప్ట్ నంబర్ కాదంటుంది. బ్రౌజర్‌లో ఒక రూలు, సర్వర్‌లో ఒక రూలు అయితే రెండింటి మధ్య సందులోంచి ఏదో ఒకటి దూరుతుంది. అన్నట్టు ఫోన్ నంబరు, పిన్ కోడ్, ఆధార్, ఇవి పేరుకు నంబర్లే గానీ నంబర్లు కావు. వాటిని కూడం, తీసేయం. గుంటూరు ఎస్టీడీ కోడ్ 0863ను నంబరుగా మారిస్తే ముందున్న సున్నా పోయి 863 మిగులుతుంది. స్ట్రింగ్‌గానే ఉంచి, దానికో సొంత టైపు ఇవ్వండి.

ఇంతసేపూ సొంత టైపులు కాపాడతాయన్నాను. ఒక చోట అవే ముంచుతాయి. పీహెచ్‌పీలో సీరియలైజ్ అని ఉంది. ఆబ్జెక్టును స్ట్రింగ్‌గా మార్చి, అన్‌సీరియలైజ్‌తో మళ్లీ ఆబ్జెక్ట్ చేసుకోవచ్చు. ఒకప్పుడు నేను షాపింగ్ బుట్టను ఇలా కుకీలో పెట్టాను. కుకీ ఎవరి దగ్గర ఉంటుంది? యూజర్ దగ్గర. అంటే నా క్లాసులకు ఆబ్జెక్టులు తయారుచేసే హక్కు ఊళ్లో అందరికీ ఇచ్చానన్నమాట. అన్‌సీరియలైజ్ చేసేటప్పుడు కన్‌స్ట్రక్టర్ నడవదు. నేను తలుపు దగ్గర పెట్టిన కాటా, తనిఖీ ఏదీ జరగదు. లోపలి ప్రాపర్టీలు వాడు రాసినవి వచ్చి కూర్చుంటాయి. చీటీ పుస్తకమే దొంగ చేతికి ఇచ్చినట్టు. ఇంకా ఘోరం, ఆబ్జెక్ట్ పోయేటప్పుడు డిస్ట్రక్టర్ నడుస్తుంది. ఏ క్లాసో పని అయ్యాక టెంపరరీ ఫైలు చెరిపేలా రాసి ఉంటే, ఏ ఫైలు చెరపాలో వాడే చెప్తాడు.

పైథాన్‌లో పికిల్, రూబీలో మార్షల్ ఇదే జాతి. 2013 జనవరిలో రూబీతో వెబ్‌సైట్లు కట్టే రెయిల్స్‌లో బయటపడిన పెద్ద రంధ్రం కూడా ఇలాంటిదే, బయటి ఎక్స్‌ఎంఎల్‌లో యామల్ అనే ఇంకో డేటా రూపాన్ని దాచి పంపితే సర్వర్‌లో ఆబ్జెక్టులు పుట్టేవి. పీహెచ్‌పీ 7లో ఏ క్లాసుల్ని ఒప్పుకోవాలో చెప్పే వీలు ఇచ్చారు. నా సలహా, బయటి డేటాకు అసలు ఆ ఫంక్షన్ ముట్టుకోకండి. జేసన్‌గా తీసుకోండి. జేసన్ తెచ్చేది ఉత్త స్ట్రింగులు, నంబర్లు, జాబితాలే. వాటిని మీ తలుపులోంచి మీరే ఒక్కొక్కటిగా లోపలికి పిలవండి. జావాస్క్రిప్ట్‌లో అయితే వచ్చిన జేసన్‌ను గుడ్డిగా ఇంకో ఆబ్జెక్టులో కలపకండి. ప్రోటో అనే పేరుతో కీ పెట్టి అన్ని ఆబ్జెక్టుల మూలాన్నే మార్చేస్తారు.

ఇప్పుడు భాషలూ బ్రౌజర్లూ ఇదే దారికి వస్తున్నాయి. 2020లో క్రోమ్ 83తో ట్రస్టెడ్ టైప్స్ వచ్చాయి. పాలసీ పెడితే, పేజీలో కోడ్ చొప్పించే ఇన్నర్ హెచ్‌టీఎంఎల్‌కు ఉత్త స్ట్రింగ్ ఇవ్వడం కుదరదు, ట్రస్టెడ్ హెచ్‌టీఎంఎల్ అనే టైపు ఆబ్జెక్టే ఇవ్వాలి. 2025 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.14లో టీ స్ట్రింగ్స్ ఉన్నాయి. వాటిలో మీరు రాసిన భాగం, బయటి నుంచి వచ్చిన విలువ కలిసిపోకుండా వేరువేరుగా ఉంటాయి. పెర్ల్ మైల తిరిగొచ్చింది, ఈసారి దేనికి శుభ్రమో పేరుతో సహా.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పు బాబూ.

(ప్రశ్న: మా ఆఫీసులో పాత కోడ్ రెండు లక్షల లైన్లుంది సార్. ఎక్కడ మొదలుపెట్టాలి?)

మొత్తం మార్చాలనుకుంటే మీ మేనేజర్‌కు టెన్షన్, మీకు సెలవులుండవు. డబ్బుతో మొదలుపెట్టు. రూపాయలు అనే ఒక్క టైపు రాయి. డబ్బు లోపలికి వచ్చే ఫారమ్‌లు ఎన్నున్నాయో వెతుకు, పది ఉంటాయేమో. అక్కడ మార్చు. మిగతా చోట్ల పాత నంబరు కావాలంటే ఆబ్జెక్టులోంచి తీసి ఇవ్వు, తప్పేం లేదు. మార్చిన ప్రతి ఫైలు పైన స్ట్రిక్ట్ టైప్స్ డిక్లేర్ చెయ్యి, టైపు కలవకపోతే తనంతట తాను మార్చేయకుండా ఎర్రర్ ఇస్తుంది. అది ఆ ఫైలులోంచి చేసే కాల్స్‌కే వర్తిస్తుంది కాబట్టి ఒక్కో ఫైలే మార్చుకుంటూ పోవచ్చు. నేను ఆ కొట్టు సాఫ్ట్‌వేర్‌ను అలా మార్చడానికి రెండు సీజన్లు పట్టింది.

(ప్రశ్న: ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌లో విలువలు పంపొచ్చు గానీ, ఏ కాలమ్ ప్రకారం సార్ట్ చేయాలో పంపితే పనిచేయడం లేదు సార్. అక్కడ స్ట్రింగ్ అతికించక తప్పట్లేదు.)

మంచి ప్రశ్న అమ్మా. కాలమ్ పేరు విలువ కిందికి రాదు, క్వెరీలో భాగం. అందుకే అక్కడ ప్రశ్నార్థకం పెట్టి పంపలేవు. అక్కడ ఈనమ్, అంటే ముందే రాసిపెట్టిన కొన్ని విలువలే ఒప్పుకునే టైపు వాడు, పీహెచ్‌పీ 8.1 నుంచి ఉంది. సార్ట్ అనే ఈనమ్‌లో ధర, తేదీ, బరువు అని మూడు కేసులు. బయటి నుంచి వచ్చిన మాటను ట్రై ఫ్రమ్‌కు ఇస్తే, ఉంటే ఆ కేసు ఇస్తుంది, లేకపోతే నల్. నల్ అయితే తేదీ ప్రకారం చూపించు. ఏ కేసుకు ఏ కాలమో ఈనమ్ లోపలే ఒక ఫంక్షన్‌లో నువ్వే రాసిపెట్టు. అప్పుడు క్వెరీలో అతికేది నీ చేత్తో నువ్వు రాసిన స్ట్రింగే. యూజర్ పంపింది అక్కడిదాకా రానే రాదు. రైల్వే వాళ్లు చేస్తున్నదదే. నువ్వు విజయవాడ అను, బెజవాడ అను, టికెట్ మీద పడేది బీజెడ్ఏ. ఊరి పేరు మారినా ఆ కోడ్ మారలేదు, దాన్ని ప్రయాణికుల్ని అడిగి రాయలేదు కాబట్టి.

ఇంకొక్కటి తీసుకుందామా? హాలు ఒంటిగంటకు ఖాళీ చేయాలట. మిగతావి కింద టీ దగ్గర మాట్లాడుకుందాం, రండి.